ఎవురొస్తే వాళ్ళతో

నంద్యాల,
జూన్ 12, 2001.

చిరంజీవి ఉమామహేశ్వరమ్మకు అన్న వీరభద్రయ్య ఆశీస్సులు. ఇచ్చట క్షేమం. అచ్చటి క్షేమం లిఖితపూర్వకంగా కోరడమైనది.

విషయం: ఈతలకోన చెంచుగూడెం శిశుకేంద్రంలో భద్రత, సఖ్యత అను రెండు ప్రతిజ్ఞల అమలు.

రిటైరైనా నా రాత మారలేదని నీవు నవ్వుతావు. నవ్వు. బాలక్షేమ సమాఖ్య వారు నన్ను పాలనాధికారిగా పెట్టుకున్నది ఇలా రాయడానికే. కేంద్రం నడిపే కార్యకర్తకు ఒక తీరున, తోబుట్టువుకు మరొక తీరున రాయడం నాకు చేతకాదు. ఆ ఇద్దరూ నీవే కావడం వల్ల తపాలా ఖర్చు కలిసివస్తున్నది.

మన దాతలు ఆస్ట్రేలియా దేశస్థులు. అక్కడి ఆదివాసులకు అక్కడి తెల్లవారు చేసిన అన్యాయాలు చాలా ఉన్నాయట. అందుకని ప్రతి పసిపిల్లల బడిలోనూ సఖ్యతా ప్రతిజ్ఞ చదువుతారట. నల్లమలలో కూడా ఆదివాసులున్నారని తెలిసి వారు సంతోషించి, ప్రతిజ్ఞను మనకూ పంపారు. నేను తెలుగు చేసి జతపరిచాను. తల్లిదండ్రుల సమావేశానికి ముందు దీనిని నిలబడి చదవవలెను. చెంచుల సంస్కృతిని గౌరవించే నిమిత్తం విల్లంబులను కేంద్రంలో ప్రదర్శించవలెను.

ఇక భద్రత. కేంద్రం చుట్టూ కంచె, గేటు, గేటుకు తాళం. బిడ్డను సాయంత్రం తల్లికి లేదా తండ్రికి మాత్రమే అప్పగించవలెను. విల్లంబులు, కొడవళ్ళు మొదలైన ఆయుధాలను కేంద్రంలోకి రానీయరాదు.

ఈ అప్పగింత నియమం ఆస్ట్రేలియా నుంచి రాలేదు. ఇది నేను రాసినది. మన మరొక కేంద్రంలో, చిన్నాయననని చెప్పి వచ్చిన ఒక మనిషికి ఒక పిల్లను ఇచ్చి పంపారు. రెండు రోజుల తరువాత ఆ పిల్ల ఒక రైల్వే ప్లాట్‌ఫారం మీద దొరికింది. ఆ తల్లి మా ఆఫీసుకు వచ్చి నా బల్ల ఎదుట కూర్చుంది. నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను. ఆమె పోయిన తరువాత నియమం రాశాను.

బావ పోయిన తరువాత నీవు ఆళ్లగడ్డలో అద్దె గది తీసుకొని, రోజూ అహోబిలం బస్సెక్కి, దిగి, కొండదారిన నడుస్తున్న సంగతి ఈ కార్యాలయం ఎరుగును. మీ వదిన పోయిన నాటి నుంచి ఇక్కడి ఇంట్లో తూర్పు గది ఖాళీగా ఉన్న విషయం మరొకమారు గుర్తు చేయడమైనది.

ఇట్లు,
వీరభద్రయ్య,
పాలనాధికారి మరియు అన్న.


ఆళ్లగడ్డ,
జూన్ 24, 2001.

అన్నకు ఉమ నమస్కారాలు. క్షేమం లిఖితపూర్వకంగా తెలియజేయడమైనది.

విల్లంబులను లోపల ప్రదర్శించమన్న ఉత్తర్వును, లోపలికి రానీయవద్దన్న ఉత్తర్వును ఒకే కవరులో పంపినందుకు కృతజ్ఞతలు. రెండింటినీ అమలు చేశాను. వీరన్నను అడిగి ఒక విల్లు తెచ్చి, నారి విప్పేసి, పిల్లలకు అందనంత ఎత్తున గోడకు తగిలించాను. వీరన్న గూడెం పెద్ద. దాన్ని చాలాసేపు చూసి, "ఎవురన్నా సచ్చిపోయినారా అమ్మా?" అని అడిగాడు.

ప్రతిజ్ఞ కూడా చదివాను. "ఈ నేలకు అనాదిగా సంరక్షకులైన చెంచు పెద్దలకు, గతించిన వారికి, ఉన్నవారికి, రాబోవు వారికి వినమ్రంగా గౌరవం తెలుపుతూ" అన్న చోట వీరన్న చెయ్యెత్తి ఆపాడు.

"నేల మాదేనని రాసినారా అందులో?"

"రాశారు."

"ఎవురు రాసినారు?"

"మా అన్న."

"అట్లయితే ఆ కాగితం బేగా ఈయమ్మా. ఈడ కట్టె ఇరిస్తే కేసు పెడతానని ఫారెస్టు గార్డు నిన్ననే చెప్పిపోయినాడు. సూపిచ్చి వస్తా."

అది చూపించడానికి కాదని, చదవడానికని చెప్పాను. "సదివేదానికేనా!" అని నవ్వి కూర్చున్నాడు. తక్కిన గౌరవాన్ని నేను వేగంగా ముగించాను.

కంచె వేశాం. వెదుళ్ళు గూడెం వాళ్ళే కొట్టి తెచ్చారు. తమ పిల్లలను ఎవరి నుంచి కాపాడుతున్నామని వాళ్ళు అడిగితే, మేకల నుంచి అని చెప్పాను.

అప్పగింత గురించి ఒక సందేహం. ఇక్కడ పిల్లలను తల్లిదండ్రులు మాత్రమే తీసుకుపోరు. హరి కూతురు భ్రమరాంబిక అని నాలుగేళ్ళ పిల్ల ఉంది. నాకు ఇష్టమైన పిల్ల అని పాలనాధికారికి చెప్పకూడదేమో, అన్నకు చెబుతున్నాను. నిన్ను తీసుకుపోవడానికి ఎవరొస్తారని దాన్ని అడిగాను. "ఎవురొస్తే వాళ్ళతో పోతా" అంది. అది నిర్లక్ష్యం కాదన్నా. ఆ గూడెంలో ఆ పిల్లను పెంచని వాళ్ళు లేరు. నియమాన్ని కొంచెం సడలించే వీలుందా?

తూర్పు గదికి గాలి ఆడేట్టు కిటికీ తెరిచి పెట్టు. చెద పడుతుంది.

నీ చెల్లెలు,
ఉమ.


నంద్యాల,
జూలై 5, 2001.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

1. ప్రతిజ్ఞను అటవీశాఖ వారికి చూపరాదు. అందులోని గౌరవం నేలకు వర్తిస్తుంది గాని, దానిపై పెరిగిన కట్టెలకు వర్తించదు.

2. మేకల గురించి నీవు చెప్పిన అబద్ధం అభినందనీయం.

3. "ఎవరొస్తే వాళ్ళు" అను వర్గం నియమావళిలో లేదు. ప్లాట్‌ఫారం మీద దొరికిన పిల్ల కూడా ఎవరో వస్తే వాళ్ళతోనే పోయింది. సడలింపు లేదు. ఇది అన్నగా చెబుతున్నాను, పాలనాధికారిగా కూడా.

కిటికీ తెరిచాను. గాలి వస్తున్నది. గాలి తప్ప ఎవరూ రావడం లేదు.

ఇట్లు,
వీరభద్రయ్య.


ఆళ్లగడ్డ,
జూలై 29, 2001.

అన్నకు నమస్కారాలు.

నియమం అమలైంది. వివరాలు నివేదిస్తున్నాను.

పది రోజుల కిందట, గురువారం, హరీ, అతని భార్యా కింది ఊరికి కలుపు తీయడానికి పోయారు. సాయంత్రం భ్రమరాంబిక కోసం దాని జేజి శివమ్మ పైనున్న గూడెం నుంచి దిగి వచ్చింది. ఆమె తల్లి కాదు, తండ్రి కాదు. గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి నా కొంగున ఉంది. నీ రెండో ఉత్తరం నా సంచిలో ఉంది.

"బిడ్డను ఇయ్యమ్మా, పొద్దు గుంకుతాంది."

"హరి రావాలి శివమ్మా. లేకపోతే దాని తల్లి రావాలి. అలా రాసి ఉంది."

"రాసి ఉండాదా? హరిని కన్నది నేను. ఆ ముక్క యాడా రాసి లేదా?"

ఆమె కంచె పట్టుకుని నిలబడింది. పిల్ల ఇవతల నుంచి వెదురు సందుల్లో చేయి పెట్టి ఆమె చీర పట్టుకుంది. కూలి వాళ్ళ ట్రాక్టరు ఆ రోజు ఆలస్యమైంది. చీకటి పడేవరకు మేం ముగ్గురం అలాగే ఉన్నాం. మధ్యలో శివమ్మ ఒక్కమారే నా దిక్కు చూసింది.

"నా మనవరాల్ని నాకియ్యనీకి నేను ఎవురని అడుగుతాండావ్. మేము అడిగినామా అమ్మా నిన్ను, నువ్వెవురని?"

హరి వచ్చాడు. తాళం తీశాను. పిల్లనెత్తుకుని పోయాడు.

మరునాటి నుంచి ఎవరూ రావడం లేదు. పిల్లలూ లేరు, పెద్దలూ లేరు. పగలంతా ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. పప్పన్నం వండుతున్నాను. ఒక్కదాన్నే తిని, మిగిలింది కాకులకు పెడుతున్నాను. కాకులు ఎవరూ రాకుండానే తమంతట తామే ఇంటికి పోతాయి గనుక అప్పగింత సమస్య లేదు.

ఉమ.


నంద్యాల,
ఆగస్టు 20, 2001.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు మరియు అభినందనలు.

నీ నివేదికను సారాంశం చేసి దాతలకు పంపాను. నియమం అక్షరాలా అమలైనందుకు వారు మిక్కిలి సంతోషించారు. ఆ తరువాత ఈతలకోనలో ఒక్క ప్రమాదం కూడా జరగనందున మన కేంద్రాన్ని ఆదర్శ కేంద్రంగా ఎన్నుకున్నారు. నవంబరులో చూడవస్తారు.

పిల్లలు రాకపోవడం వానాకాలపు జ్వరాల వల్ల అయి ఉంటుంది. తగ్గగానే వస్తారు. గోడలకు రంగు వేయించు.

నీ ఉత్తరంలో "ఒక్కదాన్నే" అన్న మాట రెండుమార్లు వచ్చింది. ఈ కార్యాలయం ఆ మాటను గమనించింది. కేంద్రం నడవని పక్షంలో నీవు నంద్యాలకు రావడానికి అభ్యంతరం ఉండకూడదని భావిస్తున్నాను. గదికి సున్నం కొట్టించాను. మీ వదిన మంచం అక్కడే వేయించాను.

ఇట్లు,
వీరభద్రయ్య.


ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 9, 2001.

వీరభద్రయ్య గారికి,

జ్వరాలు లేవు. గూడెం పిల్లలు కంచెకు అవతల నా కళ్ళ ముందే ఆడుకుంటున్నారు. ప్రమాదాలు జరగకపోవడానికి కారణం, జరగడానికి ఎవరూ లేకపోవడం. ఇది మీకు తెలియదని నేను నమ్మను. సున్నం ఎందుకు కొట్టించారో ఇప్పుడు అర్థమైంది. కేంద్రం మూతపడితే మీ గది నిండుతుంది. అంత మంచి ఉత్తర్వు మీరు సర్వీసులో కూడా రాసి ఉండరు.

ఈ నాలుగు మాటలు రాసి ఒక రోజు పక్కన పెట్టాను. చింపుదామనుకున్నాను. చింపలేదు. ఇక తక్కినది రాస్తున్నాను, అన్నా.

నిన్న ప్రతిజ్ఞ పట్టుకుని గూడెంలోకే పోయాను. చదవబోతే వీరన్న వద్దన్నాడు.

"తగువైనంక కాగితం సదివేది మా గూడెంలో లేదమ్మా. మా బిడ్డల్ని నీ కాడ ఇడిసినాం. నువ్వు మమ్మల్ని నమ్మలేదు. ఇప్పుడు నీ బిడ్డను మా కాడ ఇడువు. పొద్దు పొడిసినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా మేం సూసుకుంటాం. మా బిడ్డలు నీ కాడ ఉంటారు. అంతే. మళ్ళ తగువు లేదు."

"నాకు పిల్లలు లేరు, వీరన్నా."

"బిడ్డే కావల్లని ఏముండాది? నీ మనిషి ఎవురుండారు?"

నేను ఆలోచిస్తున్నాను. శివమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది: "ఉండాడు కదా ఒగాయప్ప, నంద్యాలలో. కాగితాలు రాస్తాంటాడే. ఆయప్పనే ఇడువు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నడిచి రోడ్డు మీదికి వచ్చేటప్పటికి నవ్వు పోయింది. ఆమె చెప్పింది నిజమే. అప్పగించడానికి నాకు ఈ లోకంలో నీవు తప్ప ఎవరూ లేరు.

వస్తావా?

ఉమ.


నంద్యాల,
సెప్టెంబరు 20, 2001.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

నీ ప్రతిపాదనపై ఈ కార్యాలయపు అభ్యంతరాలు:

శిశువు అను పదానికి ఆరేళ్ళు పై పరిమితి. నాకు అరవై దాటింది. శిశువుకు నడవడం, తినడం, నిద్రపోవడం నేర్పవలసి ఉంటుంది. నాకు మొదటి రెండూ వచ్చు. నన్ను విడువమన్న శివమ్మ అనే ఆమెకు ఈ సమాఖ్య వద్ద ఎలాంటి గుర్తింపూ లేదు. గూడెం చుట్టూ కంచె లేదు, గేటు లేదు. అందుచేత నీ ప్రతిపాదన నియమావళిలోని ఏ క్లాజు కిందా అంగీకారయోగ్యం కాదు.

మూడు మాసాలు పిల్లలు లేని కేంద్రాన్ని మూసివేయవలెనని మరొక క్లాజు. ఆ గడువు అక్టోబరులో తీరుతుంది. మూసివేత ఉత్తర్వు నేనే రాయాలి. రాశాను. సంతకం చేయలేదు.

సున్నం గురించి నీవు రాసిన మొదటి నాలుగు మాటలకు జవాబు: అందులో సగం నిజం. ఏ సగమో అడగవద్దు.

అక్టోబరు మూడు, బుధవారం, తెల్లవారి మొదటి బస్సుకు ఆళ్లగడ్డలో దిగుతాను. ఈ ప్రయాణం ఫలించిన పక్షంలో తూర్పు గది ఖాళీగానే కొనసాగుతుందన్న సంగతి ఈ కార్యాలయం ఎరుగును.

సాయంత్రం బస్సుకు తిరిగి రావలెను. మోకాళ్ళకు చలి పనికిరాదు.

ఇట్లు,
వీరభద్రయ్య.


ఆళ్లగడ్డ,
అక్టోబరు 3, 2001, రాత్రి.

అన్నా,

గదికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను. రేపు పొద్దున పోతూ పోతూ డబ్బాలో వేస్తాను.

పొద్దున నిన్ను శివమ్మకు అప్పగించినప్పుడు నీవు చేతిసంచి గుండెకు హత్తుకుని నిలబడ్డావు. బడిలో మొదటి రోజు పిల్లలు అలాగే నిలబడతారు. వెనక్కి చూస్తే ఏడుస్తారని నేను వెనక్కి చూడకుండా కిందికి వచ్చేశాను.

అప్పటికే గేటు దగ్గర పిల్లలున్నారు, అన్నా. ఒక్క పిల్లను పంపుతారనుకున్నాను, అందరినీ పంపారు. భ్రమరాంబిక నా దిక్కు చూడకుండా లోపలికి పోయి, తన చోట కూర్చుని, పళ్ళెం ముందు పెట్టుకుంది. ఆ పళ్ళెం చప్పుడు నేను ఎంత కాలానికి విన్నానో నీకు చెప్పలేను. సాయంత్రం ఎవరొస్తే వాళ్ళతో పంపాను. జేజిలు వచ్చారు, మామలు వచ్చారు, ఎవరి అన్నలో వచ్చారు. నేను ఎవరినీ అడగలేదు. నన్ను ఏ క్లాజు కింద శిక్షిస్తావో శిక్షించు.

నీ కోసం పైకి చూస్తూ ఉన్నాను. హరి వచ్చి, మధ్యాహ్నమే నీవు బస్సు ఎన్నింటికని రెండుమార్లు అడిగావని చెప్పాడు. వెదురు లారీ ఒకటి కిందికి పోయింది. అందులో పోయి ఉంటావనుకున్నాను. నా బస్సు వచ్చింది. ఎక్కాను.

నా దగ్గర ఒక గ్లాసు నీళ్ళైనా తాగకుండా పోయావు. పని ముగిసింది, ఫైలు మూశావు. అది నీ పద్ధతేనని తెలుసు. కానీ ఈ రోజైనా వచ్చి, "పోయొస్తానమ్మా" అంటావనుకున్నాను. గది గురించి ఒక్క మాట అయినా అంటావనుకున్నాను. అనివుంటే రానని చెప్పి ఉండేదాన్ని. అయినా అనివుండాల్సింది.

నీ చెల్లెలు,
ఉమ.


నంద్యాల,
అక్టోబరు 6, 2001.

చిరంజీవి ఉమకు ఆశీస్సులు.

విషయం: లేదు.

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. ఈ పాటికి భ్రమరాంబిక నీకు చెప్పే ఉంటుంది. అయినా నా వాంగ్మూలం కూడా ఉండడం మంచిది.

నేను లారీలో పోలేదు. శివమ్మ నన్ను బాగా చూసుకుంది. జొన్న సంగటి పెట్టింది, తేనె పెట్టింది. వాగు దిక్కు పోబోతే "రాళ్ళు జారుతాయి, యాడికప్పా?" అని వెనక్కి పిలిచింది. మధ్యాహ్నం చాప పరిచి పండుకోమంది. నిద్ర రాదన్నాను. "కండ్లు మూసుకో, అదే వస్తాది" అంది. వచ్చింది. మీ వదిన పోయిన తరువాత పగటిపూట నేను నిద్రపోవడం అదే మొదలు.

పొద్దు వాలగానే సంచి తీసుకుని లేచాను.

"యాడికి?"

"బస్సుకు వేళయింది."

"మీ వాళ్ళు రానీ."

"నేను పోగలను శివమ్మా. దారి తెలుసు."

"పిల్లోళ్ళందరూ అట్లనే అంటారు. ఇడిసిన వాళ్ళు వచ్చి తీసుకపోవల్ల. ఉత్తగా దారిన ఇడిసేది లేదు, మా కాడ."

వీరన్నకు అప్పీలు చేశాను. ఇంకెవరితోనైనా నన్ను కిందికి పంపమన్నాను. "మా వాళ్ళకు మేం ఎవురైనా పోతాం. నీకు నీవాళ్ళు రావల్ల." అన్నాడు. "ఈ సంగతి మా చెల్లెలికి మీరు చెప్పలేదే" అన్నాను. "తన మనిషిని తాను తీసుకపోవల్లనేది కూడా చెప్తారా ఎవురైనా?"

అందుచేత కూర్చున్నాను. శివమ్మ గుడిసె ముందు బండ ఉంది, అక్కడి నుంచి దారి మలుపు కనిపిస్తుంది. నేను ఆ మలుపు వైపు చూస్తూ ఉన్నాను. కేంద్రం నుంచి పిల్లలు ఒక్కొక్కరే ఎవరెవరి భుజాల మీదనో ఎక్కి వచ్చారు. అందరూ వచ్చేశారు. తరువాత నీవు వస్తావనుకున్నాను. కింద రోడ్డు మీద బస్సు లైట్లు కనిపించాయి. ఆగాయి. కదిలాయి.

తిరస్కరణ ఉత్తర్వులు నేను చాలా రాశాను. అవి అందుకున్న వారు ఎక్కడ కూర్చుని చదువుతారో ఎన్నడూ ఆలోచించలేదు. ఇలాంటి బండ మీదనే అయి ఉంటుంది. శివమ్మ నా దిక్కు చూసింది. నవ్వలేదు. దుప్పటి తెచ్చి మోకాళ్ళ మీద కప్పింది.

తెల్లవారి వీరన్న సమావేశం పెట్టాడు. నన్ను విడిచిపెట్టాలంటే నీ మనిషి ఎవరైనా రావాలి. నీకు నేను తప్ప ఎవరూ లేరని నేనే చెప్పాను. అప్పుడు భ్రమరాంబిక లేచి వచ్చి నా వేలు పట్టుకుంది. "నేను అమ్మ మనిషిని. నేను తీసుకపోతా" అంది. అందరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కాదనలేదు. శివమ్మ కూడా కాదనలేదు.

ఆ పిల్ల నన్ను రోడ్డు దాకా నడిపించింది. రాయి వచ్చిన చోటల్లా ఆగి, నేను దాటేదాకా చూసింది. బస్సును చెయ్యెత్తి ఆపింది. కండక్టరుతో "ఈయప్పను నంద్యాలలో దింపల్ల" అని చెప్పి, నాతో "ఎక్కు" అంది. నీవు వచ్చేదాకా ఆగుతానని చెప్పవలసింది. చెప్పలేదు. ఎక్కమంటే ఎక్కాను.

మలుపు తిరిగాక ఎదురుగా ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. అందులో నీవు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నావు. సంచి ఒళ్ళో పెట్టుకుని కొండ వైపు చూస్తున్నావు. నేను చెయ్యి ఊపాను. రెండు బస్సులూ వేగంగా పోయాయి.

మూసివేత ఉత్తర్వు చించివేయడమైనది. అప్పగింత నియమం సవరించడమైనది: "తల్లి, తండ్రి, లేదా ఆ గూడెంలో ఆ బిడ్డను ఎరిగిన ఎవరైనా. ఎవరూ రాకుండా బిడ్డను దారిన విడువరాదు." ఈ రెండో వాక్యం శివమ్మది. దాతలకు నాదేనని రాశాను.

గది గురించి అనలేదన్నావు. తలుపు వేసి, కిటికీ మాత్రం తెరిచి ఉంచాను. నిన్ను రమ్మనడం లేదు. నీవు అక్కడ ఉండవలసిన దానివి. అక్కడ నీ మనిషి ఉంది.

ఒక్క సంగతి మాత్రం. నాకు వయసు మీరుతున్నది. ఏదో ఒక రోజు ఏ ఆసుపత్రిలోనో, ఏ బస్టాండులోనో, "ఈయన తాలూకు ఎవరు?" అని ఎవరో అడుగుతారు. ఎవరొస్తే వాళ్ళతో పోవడానికి నాకు ఇక్కడ గూడెం లేదు. అందుకని చొక్కా జేబులో ఒక చీటీ మీద నీ పేరు, ఆళ్లగడ్డ చిరునామా రాసి పెట్టుకున్నాను. నిన్ను అడగకుండా రాశాను.

నీవు వచ్చేదాకా నేను ఎవరితోనూ పోను.

వీరభద్రయ్య.